ఉతకని అంగి

మూసాపేట,
14 ఫిబ్రవరి 1999

సుగుణకు,

నువ్వు పురుటికని బస్సెక్కి వెళ్ళిన రోజు నుంచి ఈ గది గదిలా లేదు. ఒక్కడికి అన్నం వండుకోవడం చేతకాక రోజూ మాడబెడుతున్నాను. ఇంటి ఓనరు భార్య నిన్న వాళ్ళ కిటికీలోంచి, "ఏంది కొమురయ్యా, మాడు వాసన మా ఇంట్లదాక కొడ్తున్నది. పెండ్లాం పోయిన సోగమా?" అని నవ్వింది. నేనూ నవ్వి ఊరుకున్నాను.

నాకు పని మారింది. ఇన్నాళ్ళూ గోడల లప్పం పూత రుద్దాను కదా, ఇప్పుడు మాదాపూర్‌లో కట్టే కంప్యూటర్ ఆఫీసులో ఇనుప పని ఇచ్చారు. మెట్ల రెయిలింగులు, కిటికీల గ్రిల్లులు అన్నీ నా చేతి మీదే. కాంట్రాక్టరు విశ్వేశ్వరరావుగారు కాకినాడ మనిషి. కూలివాణ్ణి కూడా అండీ అంటారు. "రెయిలింగు మీద చెయ్యేస్తే జారిపోవాలండీ కొమురయ్యా, మన పేరు అక్కడే ఉందండీ" అన్నారు. అప్పటి నుంచి ఛాతీ కొంచెం పెరిగింది నాకు.

నీకొక సంగతి చెబుతాను. రంగు ఎవడైనా వేస్తాడు. ఒక పూతకూ ఇంకో పూతకూ మధ్య రుద్దేవాడే పెయింటరు. నున్నగా మెరుస్తున్న పూత మీద ఇంకో పూత వేస్తే ఏడాది తిరిగేసరికి పొట్టులా లేచిపోతుంది. ఎమరీ కాగితంతో ఆ మెరుపు చంపితేనే పైది కిందిదాన్ని పట్టుకుంటుంది. ఇనుముకు ముందు సిందూరం రంగు ప్రైమరు వేస్తారు. గోడను రుద్దినట్టు దాన్ని నీళ్ళు పెట్టి రుద్దకూడదు, తుప్పు పడుతుంది. పొడిగానే రుద్దాలి. సాయంత్రానికి ఆ దుమ్ములో నేను సిందూరం పూసిన హనుమాండ్ల విగ్రహంలా తయారవుతాను. చూస్తే దండం పెడతావు.

అఖిల అల్లరి చేస్తుందా? నీ కాళ్ళ వాపు తగ్గిందా? అత్తకు నా దండాలు చెప్పు.

కొమురయ్య


పోచన్నగూడెం,
22 ఫిబ్రవరి 1999

అఖిల వాళ్ళ బాపుకు,

ఉత్తరంలో సగం ఎమరీ కాగితం గురించే ఉంది. పెళ్ళయి నాలుగేళ్ళయింది, నా గురించి ఎవరికైనా అంత వివరంగా చెప్పావా? మా అమ్మకు చదివి వినిపిస్తే, "ఇగ పుట్టేటోనికి ఎమరీ కాగితమనే పేరు వెడ్తడేమో" అన్నది. మాడిన అన్నం తినకు. అక్కడ పక్కవీధిలో మెస్సు ఉంది కదా, అక్కడ తిను.

కాళ్ళ వాపు ఉంది. నర్సమ్మ ఉప్పు తగ్గించమన్నది. ఉప్పు లేని కూర తిని నా కోపం పెరుగుతున్నది, వాపు మాత్రం తగ్గడం లేదు.

దిగులంతా అఖిలతోనే. నువ్వు పని నుంచి వచ్చే వేళకు వెళ్ళి దర్వాజ దగ్గర కూర్చుంటుంది. ఎవరి సైకిల్ చప్పుడైనా "బాపు" అని లేస్తుంది. అన్నం పెడితే మూతి తిప్పుకుంటుంది. నిద్రలో ఉలిక్కిపడి ఏడుస్తుంది. ఎత్తుకుని తిరగడానికి నాకు కడుపు అడ్డం. మా అమ్మ రెండు రోజులు చూసి, ఇది బెంగేనని చెప్పింది: "పిల్ల తండ్రి మీద రంది వెట్టుకున్నదే. ఇడిసిన అంగి ఒకటి పంపమని రాయి. ఉతకొద్దు. చెమట వాసన చెమట వాసన లెక్కనే రావాలె. పక్కల ఏస్తే తండ్రే ఉన్నడనుకొని సల్లవడ్తది. మీ నాయిన బొంబాయి పోయినప్పుడు నువ్వు గట్లనే పన్నవు."

మా ఊరి ఎల్లయ్య మామ కొండాపూర్‌లో వాచ్‌మన్ కదా, అప్పుడప్పుడూ ఊరికి వస్తుంటాడు. అతనికి ఇచ్చి పంపు. సిగ్గుపడి సబ్బు పెట్టి ఉతికేవు సుమా. నీ చెమట మాకు కొత్త కాదు.

సుగుణ


మూసాపేట,
2 మార్చి 1999

సుగుణకు,

నా చెమటకు ఇంత గిరాకీ ఉందని ఇన్నాళ్ళూ తెలియదు. నీ ఉత్తరం చదివి మొదట నవ్వొచ్చింది. తర్వాత అది దర్వాజ దగ్గర కూర్చున్నట్టు కళ్ళకు కట్టింది.

ఎల్లయ్య మామతో అంగి పంపుతున్నాను. నీలం గళ్ళది, నేను పనికి వేసుకునేదే. వారమంతా వేసుకున్నాను. ముందువైపు ఎర్రగా ఉంటుంది, కంగారు పడకు. రుద్దిన తర్వాత దుమ్ము శుభ్రంగా తుడిస్తేనే పైపూత నిలుస్తుంది. తుడిచే గుడ్డలు సైటులో ఎప్పుడూ చాలవు, అందుకని అంగి అంచుతోనే తుడుస్తాను. మడత పెట్టేటప్పుడు దులపబోయి ఆగిపోయాను. ఎట్లా విడిచింది అట్లానే పంపమన్నది కదా అత్త. వార్తాకాగితంలో చుట్టి దారం కట్టాను.

అఖిలకు చెప్పు, బాపు అంగిలో దాక్కుని వచ్చాడని.

కొమురయ్య


పోచన్నగూడెం,
10 మార్చి 1999

అఖిల వాళ్ళ బాపుకు,

మా అమ్మ మాట నెగ్గింది. కాగితం విప్పి అంగి చేతికి ఇవ్వగానే మొహానికి ఆనించుకుని అట్లానే నిలబడింది నీ బిడ్డ. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ రోజు నుంచి ఏడుపు లేదు. కాలరు నోట్లో పెట్టుకుని చప్పరిస్తూ పడుకుంటుంది. పగలంతా అంగిని ఈడ్చుకుంటూ వాకిట్లో తిరుగుతుంది. మేకపిల్లకు కప్పుతుంది, మళ్ళీ లాక్కుంటుంది. మూతి చుట్టూ ఎర్రగా అవుతుంటే పక్కింటి రుక్కమ్మ, "ఏందే పోరీ, తాంబూలమేసినవా?" అని ఆటపట్టిస్తున్నది.

ఒకసారి ఉతుకుదామని బకెట్లో వేయబోయాను. ఇల్లు కూలిపోయేంత ఏడ్చింది. తీసి ఇచ్చేశాను. ఇట్లా పిచ్చిగా ప్రేమించే గుణం ఎవరిదో నాకు తెలుసులే.

నువ్వు మెస్సులో తింటున్నావా లేదా రాయలేదు. చీటికిమాటికి మాదాపూర్ బండల మధ్య తిరగకు. అక్కడ రాళ్ళు పేలుస్తారని ఎల్లయ్య మామ చెప్పాడు.

సుగుణ


మూసాపేట,
21 మార్చి 1999

సుగుణకు,

నీ ఉత్తరం నా పక్కన రుద్దే చంద్రయ్యకు చదివి వినిపించాను. అతను కూడా వాళ్ళ ఊరికి అంగి పంపుతానంటున్నాడు. మా సైటులో ఇప్పుడు అందరికీ నేను 'అంగి కొమురయ్య'ను.

పని బాగా ఒత్తిడిగా ఉంది. ఏప్రిల్ ఆఖరుకు బిల్డింగు అప్పజెప్పాలట. విశ్వేశ్వరరావుగారు మెట్ల మీద కూర్చుని కళ్ళు మూసుకుని వేళ్ళ వెనకవైపుతో రెయిలింగు తడిమి చూస్తారు. నేను రుద్దినచోట వేళ్ళు ఆగవు. "అద్దమండీ, అద్దం" అన్నారు నిన్న. అందరి ముందరా అన్నారు. సుగుణా, నాకు చదువు లేదని మీ చిన్నాన్న మన పెళ్ళిలో ఎత్తి పొడిచాడు కదా. అతన్ని ఒకసారి తీసుకొచ్చి ఈ మెట్లు ఎక్కించాలని ఉంది.

మెస్సులోనే తింటున్నాను. ఆ తిండి పడటం లేదేమో, కడుపు ముడిపడినట్టు పట్టేస్తున్నది. నోరంతా ఇనుము నాకినట్టు ఒకటే చేదు. పుదీన అరకు తాగుతున్నాను. అదే సర్దుకుంటుంది.

పాత అంగికి వాసన తగ్గి ఉంటుంది. ఇంకొకటి పంపుతున్నాను. దీన్ని పది రోజులు విడవకుండా వేసుకున్నాను.

కొమురయ్య


పోచన్నగూడెం,
3 ఏప్రిల్ 1999

అఖిల వాళ్ళ బాపుకు,

ఈసారి నవ్వులాటలు లేవు. అఖిల ఏమీ తినడం లేదు. కడుపు నొప్పి అని ముడుచుకుని పడుకుంటుంది. మొహం పాలిపోయింది. పిలిస్తే విసుక్కుంటుంది, మేకపిల్లను కొడుతుంది. నేర్చుకున్న మాటలు కూడా మరిచిపోతున్నట్టుంది. మొన్న 'మంచినీళ్ళు' అనడానికి తడుముకుని, చెంబు వైపు చెయ్యి చూపి ఏడ్చింది.

అంగి మాత్రం వదలదు. మా అమ్మ, "రంది లోపటికి దిగింది. వాసనతోని ఆగే రంది కాదిది. మనిషినే రమ్మను. వచ్చేదాక ఇంకో అంగి అన్న పంపమను" అంటున్నది. ఒక్కరోజు సెలవు పెట్టి రాలేవా? నీ రెయిలింగు మీద చెయ్యి వేసేవాళ్ళు ఎవరో నీకు తెలియదు. ఇది నీ చెయ్యి పట్టుకుని నడక నేర్చిన పిల్ల. నాకు నెలలు నిండాయి, దీన్ని ఎత్తుకుని జనగామ దవాఖానకు పోలేను. రా.

సుగుణ


మూసాపేట,
10 ఏప్రిల్ 1999

సుగుణకు,

నీ ఉత్తరం చదివి బాధా కోపం రెండూ వచ్చాయి. నేను ఇక్కడ షికార్లు చేస్తున్నానా? నేను వస్తే మిగిలిన అంతస్తులు ఎవరు రుద్దుతారు? కొత్తవాణ్ణి పెడితే పైపైన రుద్దుతాడు, పూత లేస్తుంది, పేరు నాది పోతుంది. వచ్చే పని కూడా నాకే ఇస్తానన్నారు విశ్వేశ్వరరావుగారు. అది చేతికి వస్తే మనం మూసాపేట గది వదిలి కిటికీలున్న ఇంటికి మారవచ్చు. ఇదంతా ఎవరి కోసం?

ఇంకో మాట. నా దగ్గర ఉన్నన్నాళ్ళూ అఖిల గిన్నె నాకి తినేది. అక్కడికి పోయిన తర్వాతే తిండి మానింది. అత్త పచ్చళ్ళూ కారాలూ పెడుతుందేమో చూసుకో. ప్రతిదానికీ రంది రంది అంటే ఎట్లా?

రెండు అంగీలు పంపుతున్నాను. నాలుగో అంతస్తు మొత్తం వీటిని తొడుక్కునే రుద్దాను. పని ముగిసిన మరునాడు బస్సెక్కుతాను. నాకు కూడా ఒంట్లో బాగోలేదు, కాని దాని గురించి నువ్వు అడగలేదు.

కొమురయ్య


పోచన్నగూడెం,
19 ఏప్రిల్ 1999

కొమురయ్యకు,

శుక్రవారం పొద్దున కొడుకు పుట్టాడు. ఇద్దరం బాగానే ఉన్నాం. నీకు చెప్పాలి కాబట్టి చెబుతున్నాను.

మా అమ్మ కారాలు పెట్టలేదు. తన కంచంలో పెరుగు కూడా దానికే వేసింది. నువ్వు రాసిన ముక్క నేను చదువుతుంటే పక్కనే ఉండి విన్నది. లేచి గొడ్ల దగ్గరకు పోయింది.

అఖిల నడుస్తూ నడుస్తూ పడిపోతున్నది. రెండు రోజులుగా వాంతులు. ఊళ్ళోకి వచ్చే డాక్టరు నులిపురుగులని మందిచ్చి పోయాడు. తమ్ముణ్ణి చూపిస్తే చూడలేదు. నీ అంగీలు రెండూ మీద కప్పుకుని ఎండలో కూడా పడుకుంటున్నది. పసిపిల్లతో పట్టింపులా నీకు? నీ మెట్లనే కన్నాననుకో, వాటినే చూసుకో. రాదలచుకోకపోతే రాకు. నేను మళ్ళీ రాయను.

సుగుణ


హైదరాబాద్, పిల్లల దవాఖాన వరండా,
27 ఏప్రిల్ 1999

సుగుణకు,

నిన్ను పురిటి మంచం మీదే వదిలి, మూర్ఛలో కొట్టుకుంటున్న పిల్లను ఎత్తుకుని ఎల్లయ్య మామతో జీపెక్కాను. నీతో ఒక్క మాట మాట్లాడలేదు. నీ ఉత్తరం అందిన గంటలోనే బయలుదేరాను. ఎమరీ కాగితం చేతిలోనే ఉంది, ఎక్కడ పడేశానో తెలియదు. ముందే రావలసింది.

దార్లో ఇంకోసారి మూర్ఛ వచ్చింది. ఇప్పుడు సెలైన్ ఎక్కుతున్నది. కళ్ళు తెరుస్తుంది కాని నన్ను చూడదు. మెదడు వాపు అని ఒక డాక్టరు అన్నాడు. ఎందుకు వచ్చిందో ఇంకా తెలియదంటున్నారు. రక్తం తీసుకున్నారు. రేపు పెద్ద డాక్టరమ్మ వస్తుందట.

బాబును సరిగా చూడనేలేదు. ఎవరి పోలికో కూడా తెలియదు. అత్తను నేను అన్న మాట తప్పు. చెప్పు.

కొమురయ్య


పోచన్నగూడెం,
30 ఏప్రిల్ 1999

అఖిల బాపుకు,

ఎల్లయ్య మామ నీ ఉత్తరం తెచ్చి ఇచ్చాడు. రాయనని ఒట్టు పెట్టుకున్నాను, ఏమీ అనుకోకు. కోపం ఎక్కడికో పోయింది. నువ్వు దాన్ని ఎత్తుకుని పరుగెత్తుతుంటే నీ చెప్పు ఒకటి వాకిట్లోనే జారిపోయింది. అమ్మ దాన్ని కడిగి లోపల పెట్టింది. నువ్వన్న మాట ఆమె మనసులో పెట్టుకోలేదు.

అఖిల నిన్ను గుర్తుపడితే మొదట నా పేరు చెప్పు. తమ్ముడికి దాని పోలికే, అదే గడ్డం. పగలు బాగానే ఉంటాడు, పొద్దుగూకితే గుక్కపట్టి ఏడుస్తాడు. తొందరలో నువ్వు అంగీలు ఇక్కడే మరిచిపోయావు. అమ్మ, "తండ్రిని చూడకముందే ఈనికి గూడ రందే" అని ఒకటి పక్కలో పరిచింది. నిన్నటి నుంచి దాని మీదే పడుకుంటున్నాడు. చిన్నపిడికిలితో గుండీ పట్టుకుంటున్నాడు. నువ్వు చూస్తే ఎంత సంబరపడేవాడివో.

ఇంకో అంగి అఖిలకు పంపనా? అక్కడ దానికి పక్కన ఏమీ లేదు కదా.

సుగుణ


పిల్లల దవాఖాన,
3 మే 1999

సుగుణా,

చదవడం ఆపి ముందు బాబును ఆ అంగి మీద నుంచి తియ్యి. వాడికి స్నానం చేయించు. చేతులు, గోళ్ళు కడుగు. నువ్వూ తలంటుకో. పక్కగుడ్డలు మార్చు. అంగీలు దులపకు, కాల్చకు. ఊరి బయట లోతుగా గుంట తీసి పూడ్చు. ఇవన్నీ చేసిన తర్వాత మిగతాది చదువు.

డాక్టరమ్మ అఖిల చిగుళ్ళు చూసింది. పళ్ళ అంచున నల్లటి గీత ఉంది. "తండ్రి ఏం పని చేస్తాడు?" అని అడిగింది. రంగులు వేస్తానని చెప్పాను. నన్ను కూడా నోరు తెరవమన్నది. నా చిగుళ్ళకూ అదే గీత. పిల్ల నా దగ్గర లేదమ్మా, ఊళ్ళో ఉంది, నా దుమ్ము దాని దగ్గరకు ఎట్లా పోతుంది అన్నాను. ఆమె, "బొమ్మలు, రంగు డబ్బాలు ఏమైనా పంపారా?" అని అడిగింది. అప్పుడు నా నోట అంగి మాట వచ్చింది.

ఆ ప్రైమరులో సీసం ఉంటుందట. రుద్దితే అది దుమ్మవుతుంది. పెద్దవాళ్ళను మెల్లగా తింటుంది, పసిపిల్లలను త్వరగా. అఖిల కాలరు చప్పరించినప్పుడల్లా అది లోపలికి పోయింది. నేను ఎంత ఎక్కువ వేసుకుంటే అంత ప్రేమ అనుకుని పది రోజులు వేసుకున్నాను, సుగుణా. గుడ్డ వెతుక్కునే బద్ధకానికి అంగితో తుడిచాను. నాలుగో అంతస్తు మొత్తం చుట్టి నా బిడ్డకు పంపాను.

అఖిల బతుకుతుంది. అంతవరకు చెప్పారు. రక్తంలోంచి సీసం లాగడానికి సూదులు వేస్తున్నారు. మాటలు వస్తాయో రావో చెప్పలేమన్నారు. నిన్న స్నానం చేసి, కొత్త అంగి తొడుక్కుని పక్కన కూర్చున్నాను. పేరు పెట్టి పిలిచాను. పైకప్పు వైపే చూస్తున్నది.

విశ్వేశ్వరరావుగారు పళ్ళు పట్టుకుని వచ్చారు. "ముప్ఫై ఏళ్ళుగా ఇదే ప్రైమరండీ, నాకు మాత్రం ఎవరు చెప్పారండీ" అని తల పట్టుకున్నారు. వెంటనే చంద్రయ్యకు కబురు పెట్టాను, ఊరికి పంపిన అంగి తెప్పించుకొమ్మని.

నీకూ బాబుకూ రక్తం చూడాలన్నది డాక్టరమ్మ. పురుడు వెళ్ళేదాకా ఆగవద్దు. ఎల్లయ్య మామ జీపు మాట్లాడతాడు. నన్ను ఏమన్నా అను, వచ్చి అను.

కొమురయ్య


పోచన్నగూడెం,
5 మే 1999

అఖిల బాపుకు,

బాబును తీశాను. కడిగాను. అమ్మ చేనికి పోయినప్పుడు నేనే గడ్డపార పట్టి వాగు ఒడ్డున గుంట తీశాను. పచ్చి పురుటాలినని రుక్కమ్మ అడ్డం వచ్చింది, వినలేదు. అంగీలు నాలుగూ అందులో వేసి మట్టి కప్పి, పైన రాళ్ళు పెట్టాను. తర్వాత వాగులో చేతులు కడుక్కుని వచ్చాను.

నిన్ను నేనేమీ అనను. అంగి పంపమని రాసింది నేను. ఉతకవద్దని రాసింది నేను. మూతి ఎర్రబడితే నవ్వింది నేను. బకెట్లోంచి తీసి మళ్ళీ దాని చేతికి ఇచ్చింది కూడా నేనే. నువ్వు ఒక్కడివే మోయకు, నాకు కోపం వస్తుంది.

రేపు పొద్దున జీపులో బయలుదేరుతున్నాం. అమ్మ కూడా వస్తానంటున్నది. ఉత్తరంలో ఏముందని అడిగింది. ఆమె మొహం చూస్తూ చెప్పలేకపోయాను. అఖిలను తొమ్మిది నెలలప్పుడు నెల రోజులు భుజాన వేసుకుని పెంచింది. ఇది తన నోటి మాటతో మొదలైందని తెలిస్తే ఆమె బతకదు. మెదడు వాపు జ్వరమని చెప్పాను. అంగీలు పురిటి బట్టలతో చాకలికి వేశానని చెప్పాను. అంగీల మాట నమ్మింది. జ్వరం మాటకు మాత్రం, "జరమంటవ్. గది జరం కాదే బిడ్డా. ఒక్కపారన్న వచ్చి మొకం సూపిత్తే పిల్ల గిట్ల కాకపోవు. తండ్రే సంపిండు దాన్ని" అన్నది. నేను కాదనలేదు.

దవాఖానలో నిన్ను చూడగానే ఆ మాట నీ మొహం మీదే అంటుంది. అందరి ముందరా అంటుంది, ఊరికి తిరిగి వచ్చాక కూడా అంటూనే ఉంటుంది. తల వంచుకుని విను. ఎన్నేళ్ళు అన్నా ఎదురు చెప్పకు.

సుగుణ